నా కథానాయిక వేళ్లు

నా నవలల్లో కథానాయికలు పరుగెత్తరు. పరుగెత్తడం ఎట్లా ఉంటుందో నేను మరిచిపోయి చాలా కాలమైంది. నా ఒంటికి తెలియనిది రాయకూడదన్నది నా పట్టు. అందుకే వాళ్లు నడుస్తారు, మెట్ల దగ్గర ఆగుతారు, విలన్ వెంటపడుతున్నా మోకాలి మీద చెయ్యి ఆనించుకొనే లేస్తారు. ఎంత సస్పెన్స్ పెట్టారండీ అని పాఠకులు మెచ్చుకుంటారు. మా ఇంట్లో అది రోజూ పొద్దున జరిగే భాగోతమే.

మేం ఉండేది గద్వాలలో. మా ఆయన బస్సు డ్రైవరు. నేను రాసేవి క్రైస్తవ ప్రేమకథలు, వాటిలోనూ దొంగలూ హత్యలూ ఉన్నవి. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చే ఒక చిన్న మాసపత్రికలో అవి సీరియల్‌గా వస్తాయి, తర్వాత పుస్తకాలవుతాయి. ప్రేమించుకున్నవాళ్లు ప్రార్థన చేసుకుంటారు, దొంగలు పట్టుబడతారు, చివరికి చర్చిలో పెళ్లవుతుంది. మా ఆయన వీటిని "వాక్యం చెప్పే పోలీసు కథలు" అని ఎగతాళి చేస్తాడు. అంటాడు గానీ, పత్రిక రాగానే ముందు చదివేది ఆయనే. నా చేతికి వచ్చేసరికి దాని మీద టీ మరకలుంటాయి.

నాకు జబ్బు మొదలైంది పత్తి చేలో. మా వైపు విత్తనాల కోసం పత్తి వేస్తారు. సాయంత్రం మొగ్గలు గిల్లాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి వాటికి రుద్దాలి. క్రాసింగ్ అంటారు దాన్ని. అంతా బొటనవేలూ చూపుడువేలూ చేసే పని. పెళ్లయిన కొత్తలో ధరూర్ దగ్గర మా అత్తగారి చేలో నేనే అందరికంటే ముందు సాలు ముగించేదాన్ని, ఆ గర్వం కూడా ఉండేది. ఒక ఏడాది, ఓ రోజు పొద్దున లేచేసరికి వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. పని ఎక్కువైందనుకున్నాం. పత్తి కాలం అయిపోయింది, వేళ్లు మాత్రం దారికి రాలేదు. తర్వాత మణికట్లు, ఆ తర్వాత మోకాళ్లు. చివరికి వనపర్తిలో డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, "ఇది కీళ్లవాతం. పోయేది కాదమ్మా, అదుపుల పెట్టుకునేది. మందులు మాత్రం ఆపొద్దు" అంది. ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పోనిదైతే నేను మాత్రం ఎందుకు పోవాలి అనుకున్నాను. ఆ మంటతోనే మొదటి నవల రాశాను.

వారానికోసారి వేసుకునే మందు పడిన మర్నాడు కడుపులో తిప్పుతుంది, ఆ రోజు నేను ఎవరికీ పనికిరాను. మిగతా రోజుల్లో పొద్దున గోరువెచ్చని నీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకొని కూర్చుంటాను. కథ అప్పుడే కదులుతుంది. కలం పట్టడం మానేసి చాలా కాలమైంది. ఫోన్ బస్తా మీదో బల్ల మీదో పెట్టి, కథను గొంతుతో చెప్పి నాగర్‌కర్నూల్ పంపుతాను, అక్కడ ఒకమ్మాయి టైపు చేస్తుంది. కథానాయిక మాట్లాడేచోట నేనూ ఆమెలాగే మాట్లాడతాను, ఏడ్చేచోట ఏడుస్తాను. పక్కింటివాళ్లు మొదట్లో కంగారుపడేవారు, ఇప్పుడు "నవల నడుస్తుంది" అనుకొని వాళ్ల పని వాళ్లు చూసుకుంటున్నారు.

సలహాలు చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఏదో నూనె రాయమంటారు, మేక కాళ్ల పులుసు తాగమంటారు, వంకాయ మానమంటారు. వాళ్లనైనా భరిస్తాను. ఆదివారం చర్చిలో పాటలయ్యాక పాస్టరు అయ్యగారు సాక్ష్యాలుంటే చెప్పమంటారు. ఒకరి జ్వరం తగ్గింది, ఒకరి కడుపులో గడ్డ కరిగింది, ఒకరి బర్రె తిరిగొచ్చింది. లేచి చెప్తారు, అందరూ స్తోత్రం అంటారు. నేను ఎన్నడూ లేవలేదు. కూటం అయ్యాక ఎవరో ఒకరు నా చేతులు పట్టుకొని, "నీ విశ్వాసంల ఏడనో జర లోటున్నదక్కా, లేకుంటె ఇన్నేండ్లు ఎందుకుంటది?" అంటారు. పట్టుకునేది కూడా సరిగ్గా నొప్పి ఉన్నచోటే. విశ్వాసం లేనిదాన్ని అయితే ఆ చర్చి మెట్లు వారం వారం ఎందుకెక్కుతానని అడగాలనిపిస్తుంది. వాళ్లెక్కే మెట్లూ నేనెక్కే మెట్లూ ఒకటి కావు.

అందుకే కిందటి నవలలో నా జబ్బును తీసుకెళ్లి కథానాయికకు పెట్టాను. ఆమె ఒక విత్తనాల గోదాములో లెక్కలు రాస్తుంటుంది. నకిలీ పత్తి విత్తనాలు సంచులకెత్తడం కళ్లారా చూస్తుంది. దొంగలు వెతుకుతుంటే లోపలి గదిలోకి దూరి, తానే గడియ పెట్టుకొని దాక్కుంటుంది. దొంగలు సాక్ష్యం మిగలకుండా గోదాముకు నిప్పుపెట్టి పోతారు. ఆమె బయటికి రావాలి. గడియ బిర్రుగా ఉంది, వేళ్లు వంగవు. ప్రేమించినవాడు అయిజ నుంచి బండి మీద వస్తున్నాడు, కానీ అంతలోపు రాలేడు. సీరియల్‌ను అక్కడ ఆపాను. ఆ నెల అందరికీ ఒకటే పట్టుకుంది, ఆ పిల్ల ఎట్లా బయటికొస్తుందని.

మా సంపాదకుడికి మాత్రం అనుమానమే లేదు. ఆయన రిటైరైన టీచరు, పత్రికను ఒంటిచేత్తో నడుపుతున్న పెద్దమనిషి. ఫోన్ చేసి, "ప్రార్థన చేస్తది, వేళ్లు నయమైతయి, గడియ తీస్తది. ఇంక ఆలోచించేది ఏమున్నదమ్మా?" అన్నాడు.

"గట్ల నయమైతె నేను గీడ నీళ్ల గిన్నె ముందర ఎందుకు కూసుంట సార్?" అన్నాను.

ఆయన నవ్వలేదు. కథకు నువ్వే సృష్టికర్తవు, చేయగలిగి చేయకపోవడం ఏం న్యాయమని అడిగాడు.  అయితే వేళ్లు నయం చేయనని మాత్రం ఆ క్షణమే తేల్చుకున్నాను. నావంటి చేతులున్నవాళ్లు ఈ కథ చదువుతారు. వాళ్ల చేతులతో తెరుచుకునే తలుపు కావాలి నాకు. అట్లాంటి చేతులతో గడియ ఎట్లా తీస్తారన్నదే నాకింకా తెలియదు.

తెలుసుకోవడానికి దారి ఒకటే కనిపించింది. మా ఆయన డ్యూటీకి పోయాక వీధి తలుపు దగ్గరగా వేసి, వెనక సామాన్ల గదిలోకి వెళ్లాను. వేరుశనగ బస్తాలు, పాత మంచం, పైన రేకులు. తలుపుకు లోపలివైపు ఇనుప అడ్డగడియ ఉంది, తుప్పుపట్టింది. సామాన్ల గదిలో లోపల గడియ పెట్టుకొని కూర్చునేవాళ్లెవరు, ఎవరూ దానికి నూనె వేయలేదు. అరచేత్తో బలంగా ఒక్క తోపు తోశాను. పడింది. ఫోన్ మోగకుండా చేసి బస్తా మీద పెట్టి, కథానాయికనై మొదలుపెట్టాను.

"నేను అర్రల చిక్కుకున్న. గడియ వస్తలేదు. నా వేళ్లు పనిచేస్తలేవు. పొగకు దమ్ము ఆడుతలేదు. నా మాట ఎవరికన్న ఇనవడితె నాకోసం ప్రార్థన చెయ్యుండ్రి."

బాగా వచ్చింది. నా గొంతుకు నాకే కళ్లు తడిసాయి. వాచిన బొటనవేలితో పంపేసి ఫోన్ పక్కన పెట్టాను. నేను చెప్పింది నాగర్‌కర్నూల్ పోలేదు. పేర్ల వరసలో ఆ టైపు అమ్మాయి పేరుకు పైనున్న మా శుక్రవారం ఉపవాస కూటం గ్రూపులోకి పోయింది. ఆ గ్రూపులో ఎవరూ టైపు చేయరు. ప్రార్థన విన్నపాలన్నీ గొంతుతోనే వస్తాయి, సగం ఏడుపుతోనే మొదలవుతాయి. ఎవరు, ఏమిటి అని ఎవరూ అడగరు, విన్నచోటే కళ్లు మూసుకొని మొదలుపెడతారు. ఆ గొంతు నాదని అందరికీ తెలుసు. వాళ్లు ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు, అది మోగితే కదా.

ఇదేమీ తెలియక నేను గడియ దగ్గర నిలబడ్డాను. వేళ్లతో పట్టుకున్నాను, జారింది. రెండు చేతులతో లాగాను, కణుపుల్లో నిప్పు పడ్డట్టయింది. ముందు సంతోషించాను, సరిగ్గా ఇదే కదా నాకు కావలసిందని. కాసేపటికి రేకులు వేడెక్కాయి, నోరెండిపోయింది, మా ఆయన రాత్రికి గానీ రాడని గుర్తొచ్చింది. ఫోన్ తీసి ఎవరినైనా పిలవచ్చు. పిలిస్తే వచ్చి తలుపు పగలగొడతారు, నా కథానాయిక మాత్రం లోపలే ఉండిపోతుంది. పిలవలేదు. బస్తా మీద కూర్చొని ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు, ఏడ్చాను, ఆ ఏడుపులోనే ప్రార్థించాను కూడా.

అప్పుడే ఇంట్లో చాలామంది అడుగుల చప్పుడైంది. తలుపు దబదబా బాదారు. మా కూటానికి పెద్దదిక్కయిన ముసలామె ఉంది, అందరం పెద్దమ్మ అంటాం. ఆమె గొంతు అన్నింటికంటే పైన వినిపించింది.

"బిడ్డా, భయపడకు. మేమొచ్చినం. పొగ యాడ్నుంచి వస్తుంది?"

"పొగ ఏంది పెద్దమ్మా? మీరెట్లొచ్చిండ్రు?"

"నువ్వే గద పిలిస్తివి. దమ్ము ఆడుతలేదంటివి."

అప్పుడు ఫోన్ చూసుకున్నాను. చూశాక నిజంగానే దమ్ము ఆడలేదు. బయట ఒకామె గడ్డపార తెమ్మని అరుస్తోంది. ఇంకొకామె, గడియా ఊడిపో అని యేసు నామంలో గద్దిస్తోంది. పెద్దమ్మ నా వేళ్ల కోసం పట్టుబట్టి ప్రార్థిస్తోంది, ఈ బిడ్డ వేళ్లు ఇప్పుడే, ఈ గడియలోనే బాగుచెయ్యి తండ్రీ అని.

"ఆగుండ్రి, తలుపు పలగ్గొట్టకుండ్రి. నేనే తీస్త" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. అన్నాక తీయక తప్పదు.

చీర కొంగు నోట్లో పట్టుకున్నాను. మణికట్టుతో తోసుకుంటూ గడియ పిడి వెనక నుంచి దాన్ని దూర్చాను. ముడి వేయడం నా వల్ల కాదు, అందుకని రెండు పాయలూ కలిపి ముంజేతికి చుట్టుకున్నాను. వేళ్లతో పని లేదు. పక్కకు తిరిగి గోడవైపు ఒళ్లంతా వాల్చాను. కదల్లేదు. మందుల మూలంగా పెరిగిన నా బరువును అన్నాళ్లూ తిట్టుకున్నాను, ఆ పూట అదంతా ఆ కొంగు మీద వేశాను. గడియ కీచుమని ఒక్కసారిగా జారింది. నేను వేరుశనగ బస్తాల మీద పడ్డాను.

వాళ్లు స్తోత్రాలు చెబుతూ లోపలికొచ్చారు. పెద్దమ్మ నన్ను లేపి, ముందు నా చేతులు చూసింది. అందరూ ముందుకు వంగారు. వేళ్లు పొద్దుటి కంటే ఎర్రగా, లావుగా ఉన్నాయి. వాళ్ల ముఖాలు చిన్నబోయాయి.

"మరి ఎట్ల తీసినవ్?" అంది పెద్దమ్మ.

"కొంగుతోని."

నిప్పూ పొగా కథలోవని, ఆ గొంతు కథానాయికదని చెప్పేసరికి పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "కథ కోసమా నేను పొయ్యి మీద పప్పు ఇడిసిపెట్టి ఉరికొచ్చింది? అది అడుగంటే ఉంటది." అలా కోప్పడి, వంటింట్లోకి పోయి నాకు నీళ్లు తెచ్చింది. ఆదివారం సాక్ష్యం చెప్పాలని అందరూ పట్టుబట్టారు. చెప్తాను గానీ వేళ్లు నయమయ్యాయని చెప్పను, ఉన్నది ఉన్నట్టు చెప్తానన్నాను. "గట్లయితె ఒద్దులే బిడ్డా, జనం పరేషాన్ అయితరు" అంది పెద్దమ్మ.

ఆ వారంలోనే చివరి భాగం ముగించాను. నేను దేవుణ్ని కథలోంచి తీసేయలేదు. ఆమె ప్రార్థించింది. వేళ్లు మారలేదు, కొంగు కనిపించింది. అది నాకు తక్కువ జవాబుగా తోచలేదు. ప్రేమించినవాడు వచ్చేసరికి ఆమె గోదాము బయట రాయి మీద కూర్చొని ఉంటుంది. తర్వాత పెళ్లి. ఉంగరం ఆమె కణుపు దాటదు. అతను దాన్ని ఆమె అరచేతిలో పెట్టి, తన రెండు చేతులతో మూస్తాడు.

సంపాదకుడు ఫోన్ చేశాడు. "మంచిగ రాసినవ్. కానీ చేతులు అట్లనే ఉన్నయమ్మా. పెండ్లి నాటికన్న నయం చెయ్యి. ఒక్క పేరా చాలు."

"చెయ్యను సార్."

"అయితే ఈ నెల అచ్చు వెయ్యలేను."

మెత్తని మనిషి, ఆ మాట కూడా మెత్తగానే అన్నాడు. ఫోన్లో కాదనడం సులువు. ఎదురుగా కూర్చుంటే ఎట్లా కాదంటాడో చూద్దామనుకున్నాను. ఆ అమ్మాయి టైపు చేసి ఫోనుకు పంపినదాన్ని మా ఆయన బజారులో కాగితాల మీద తీయించుకొచ్చాడు. "గీ ఒక్క పేరా కోసం వనపర్తిల బస్సు మారి నాగర్‌కర్నూల్ పోతవా?" అన్నాడు. పోతానన్నాను.  మర్నాడు స్టాండులో ఆయన తన తోటి డ్రైవరుకు చెప్పి, నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, మోకాలి కింద తన తువ్వాలు మడిచి పెట్టాడు.

వనపర్తిలో రెండో బస్సు మెట్టు ఎత్తుగా ఉంది. ఒక ముసలాయన ముందు విసుక్కొని, తర్వాత చెయ్యి అందించాడు. నాగర్‌కర్నూల్‌లో పత్రిక ఆఫీసుకు తాళం. సారు ఈమధ్య ఇంట్లోనే పని చూసుకుంటున్నాడని పక్క దుకాణమాయన చెప్పి ఆటో ఎక్కించాడు. ఇన్నేళ్లలో నేను వాళ్లింటికి పోలేదు, ఆయన రమ్మనలేదు. దారంతా వాదన తయారుచేసుకున్నాను. ఒక్కో మాటకు ఏ మాట అప్పజెప్పాలో అంతా సిద్ధం.

ఆయన తలుపు తీసి, నన్ను చూసి తడబడ్డాడు. చేతిలో గంజి గిన్నె, చెంచా ఉన్నాయి. లోపలి గదిలో మంచం మీద ఆయన భార్య. కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయి చాలా ఏళ్లయిందట. మాట నెమ్మదిగా, ఒక్కొక్కటిగా వస్తుంది.

"ఎవరు?" అంది ఆమె.

"సీరియల్ రాసే అమ్మ వచ్చింది" అన్నాడాయన.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఆ పిల్లను... అర్రల పెట్టింది... నువ్వేనా?" అంది. నేరం ఒప్పుకొన్నట్టు తలూపాను.

ఆయన నన్ను ముందు గదిలోకి తీసుకొచ్చి గొంతు తగ్గించాడు. "ప్రతి భాగం ముందు ఆమెకే చదివి వినిపిస్త. చివరిది ఇంక రాలేదని చెప్పిన. చదవలేకపోయిన. ఆ పిల్లకు నయమైతదని ఆశ పెట్టుకున్నదమ్మా. ఇన్నేండ్లు మోకరించినా నా ఇంట్ల కాలేదు. నీ కాగితం మీదనన్న కానియ్యరాదా?"

దారంతా తయారుచేసుకొచ్చిన వాదనను అక్కడే వదిలేశాను. ఆయన జేబులో కలం ఉంది. ఒక్క పేరా. నొప్పితోనైనా నా చేత్తోనే రాయగలను. ఆయన ముఖం చూస్తుంటే రాసిచ్చేద్దామనే అనిపించింది. కానీ ఆమె నన్ను చూసిన చూపు చిన్నపిల్లలు చూసే చూపు కాదు. ఆమెకు తెలియకుండా ఆమె మీద జాలిపడే హక్కు నాకుందా అనుకున్నాను. నాకు అట్లా ఎవరైనా చేస్తే నేను ఊరుకోను.

"నేను చదువుత సార్. ఆమె ఒద్దంటె మారుస్త" అన్నాను.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. నిప్పు, పొగ, ప్రార్థన, కొంగు. గడియ జారిన చోట ఆమె ఎడమచెయ్యి దుప్పటిని పట్టుకుంది. పెళ్లి దాకా చదివి, ఉంగరం దగ్గర ఆపాను.

"చెయ్యి... అట్లనే ఉన్నదా?" అంది ఆమె.

"అట్లనే ఉన్నదమ్మా. పోయేది కాదది."

ఆమె కాసేపు కళ్లు మూసుకుంది.  మార్చమంటే మార్చాలి, మాట ఇచ్చాను.

"ఆ పిల్లగాడు... ఉంటడా? పెండ్లయినంక గూడ?"

"ఉంటడమ్మా."

ఆమె తల తిప్పి గుమ్మం వైపు చూసింది. మూతి ఒకవైపే కదులుతుంది, అయినా నవ్వని తెలిసింది.

"ఈయన లెక్క" అంది.

ఆయన గుమ్మంలోంచి లోపలికొచ్చాడు. గంజి గిన్నె కిటికీలో పెట్టి, కండువాతో కళ్లద్దాలు తుడుచుకొని, నా చేతిలోని కాగితాల కోసం చెయ్యి చాపాడు.